మారుతాళం ఎవరి దగ్గర ఉంది?

ప్రొద్దుటూరు బంగారం అంగడిలో కావచ్చు, జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో కావచ్చు, ఈ ఇబ్బంది ఎక్కడైనా ఎదురవుతుంది. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోతే రిపేరుకిస్తారు. కొత్త బోర్డు వేసి ఆన్ చేయగానే నీలం తెర వస్తుంది. 48 అంకెల రికవరీ కీ కొట్టమంటుంది. స్టాకు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ ఆ తెర వెనకే ఉండిపోతాయి. "నేను తాళమే వేయలేదే" అంటాడు యజమాని. నిజమే, ఆయన వేయలేదు. రిపేరు కుర్రాడికి అలవాటే కాబట్టి ఆయన ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిపిస్తాడు. 48 అంకెలూ అక్కడ భద్రంగా కనిపిస్తాయి. కొట్టగానే యంత్రం తెరుచుకుంటుంది. హమ్మయ్య అనుకుని అందరూ పనుల్లో పడిపోతారు.

కానీ అడగాల్సిన ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. యజమాని వేయని తాళానికి చెవి ఇంకొకరి దగ్గరికి ఎలా చేరింది? ఆయన అడిగితే ఇచ్చినట్టే, రేపు మరొకరు అడిగితే ఇస్తారా?

తాళంచెవి నకలును మూడో మనిషి చేతిలో ఉంచే ఇలాంటి ఏర్పాటును కంప్యూటరు శాస్త్రంలో కీ ఎస్క్రో అంటారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాలకూ గణితవేత్తలకూ మధ్య నలుగుతున్న గొడవ ఇది. ఇప్పుడు మనం కొనే మామూలు సాఫ్ట్‌వేర్‌లోకి, సౌకర్యం పేరుతో, చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది.

ముందు ఆ తాళం ఎలా పనిచేస్తుందో చూద్దాం. విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్. డిస్కు మీద రాసే ప్రతి అక్షరాన్నీ ఏఈఎస్ అనే పద్ధతిలో గుర్తుపట్టలేనట్టు మార్చి రాస్తుంది, దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. అందుకు ఒక రహస్య సంఖ్యను వాడుతుంది. ఆ సంఖ్యను ఇంకో కీతో మూసి డిస్కులోనే దాస్తుంది. ఈ రెండో కీని బయటికి తీయడానికి ఒకటి కంటే ఎక్కువ దారులు పెట్టారు. రోజూ వాడే దారి మదర్‌బోర్డు మీది టీపీఎం అనే చిప్. యంత్రం నిన్న ఉన్నట్టే ఈరోజూ ఉందని నమ్మకం కుదిరితే ఆ చిప్ తనంతట తాను కీ ఇచ్చేస్తుంది. అందుకే తాళం ఉన్న సంగతే మనకు తెలియదు. బోర్డు మారినా, బయోస్‌లో మార్పు జరిగినా చిప్ ఒప్పుకోదు. అప్పుడు మిగిలేది 48 అంకెల దారి.

ఆ అంకెల్లో చూడముచ్చటైన లెక్క ఒకటుంది. అవి ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులు. మీ దగ్గర కీ ఉంటే ఏ గుంపునైనా 11తో భాగించి చూడండి, శేషం సున్నా వస్తుంది. ఒక అంకె తప్పు కొడితే యంత్రం ఆ గుంపు దగ్గరే పట్టుకునేందుకు చేసిన ఏర్పాటు అది. 11తో భాగించాక ఒక్కో గుంపులో మిగిలేది 16 బిట్ల సంఖ్య. 8 గుంపులు కలిపితే 128 బిట్లు. అంటే అవకాశాల సంఖ్యే 39 అంకెలంత పొడవు, ఆ కీ వాటిలో ఏదో ఒకటి. సెకనుకు లక్ష కోట్ల కీలను ప్రయత్నించే యంత్రం ఉందనుకున్నా, అన్నిటినీ చూడడానికి విశ్వం వయసుకు సుమారు 78 కోట్ల రెట్ల కాలం పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు. కాబట్టి ఈ లెక్కను బలంతో విరగ్గొట్టాలని తెలివైనవాడెవడూ కూర్చోడు.

గండికోట చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుని పారిన చోట, లోయ అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ వైపు నుంచి ఎక్కి కోట పట్టుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఆ కోట 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. రెండేళ్ల తర్వాత, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయన్ను అక్కడే కలిశాడు. కోట ఎలా పోయిందన్నదాని మీద స్థానికంగా చెప్పుకునే కథల్లో నమ్మకద్రోహం ఉంటుందే గాని, లోయ ఎక్కి వచ్చిన వీరులుండరు. ముట్టడి వేసినవాడి చూపు ఎప్పుడూ ద్వారం మీదే, ద్వారం తీయగల మనిషి మీదే ఉంటుంది. ఏఈఎస్ ఆ లోయ అయితే, రికవరీ కీల నిల్వ ఆ ద్వారం.

ఆ ద్వారం తెరిచిన సంగతి ఒకటి 2026 జనవరిలో ఫోర్బ్స్ పత్రిక బయటపెట్టింది. పసిఫిక్ సముద్రంలో అమెరికా పాలనలో ఉన్న గువామ్ దీవిలో, కోవిడ్ కాలపు నిరుద్యోగ భృతి కాజేశారన్న కేసులో ఎఫ్‌బీఐ మూడు ల్యాప్‌టాప్‌లు పట్టుకుంది. వాటిని తెరవలేక కోర్టు వారంటుతో మైక్రోసాఫ్ట్‌ను అడిగింది. కంపెనీ రికవరీ కీలు ఇచ్చింది. ఇలాంటి అభ్యర్థనలు ఏడాదికి సుమారు 20 వస్తాయనీ, వాడుకరి కీని క్లౌడ్‌లో ఉంచకపోతే తాము చేయగలిగిందేమీ లేదనీ కూడా చెప్పింది. ఆ రెండో మాటే అసలు మాట. తన దగ్గర చెవి లేని కంపెనీని ఎవరూ బలవంతపెట్టలేరు. చెవి ఉన్న కంపెనీ కాదనలేదు.

ఇక్కడ మైక్రోసాఫ్ట్ చట్టాన్ని మీరిందని నేను అనడం లేదు. వారంటు ఉంది, అమెరికా చట్టం ప్రకారం ఇచ్చింది. ఆ కంపెనీ మనకు పరాయిదీ కాదు. 1998 నుంచి హైదరాబాదులో దానికి అభివృద్ధి కేంద్రం ఉంది, 2014 నుంచి దాన్ని నడిపిస్తున్న సత్య నాదెళ్ల హైదరాబాదులో చదువుకున్నవాడు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఇప్పటి విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేస్తే చాలా యంత్రాల్లో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది, రికవరీ కీ దానంతటదే కంపెనీ సర్వరుకు చేరుతుంది. ఈ రెండూ జరిగినట్టు ప్రొద్దుటూరు అంగడి యజమానికి ఎవరూ చెప్పరు. యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో చాలాకాలం ఈ మాట సూటిగా అడిగేది: డిస్కు తెరిచే అధికారం మీ ఐక్లౌడ్ ఖాతాకు ఇవ్వాలా, లేక కీని మీరే రాసి పెట్టుకుంటారా? అంటే అడగడం సాంకేతికంగా కష్టమేమీ కాదు.

ఇంతకంటే పాత కథ లోటస్ నోట్స్‌ది. 1990ల్లో చాలా పెద్ద ఆఫీసులు వాడిన ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ అది. అప్పట్లో అమెరికా బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఆయుధాలతో కలిపి జమకట్టేది. 40 బిట్లు దాటిన కీ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా విదేశాలకు పంపనిచ్చేది కాదు. 40 బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ 1997 జనవరిలో ఇయాన్ గోల్డ్‌బర్గ్ అనే బర్క్‌లీ విద్యార్థి, తన విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్లను కలిపి అలాంటి కీని మూడున్నర గంటల్లో విరగ్గొట్టాడు. విదేశీ కొనుగోలుదార్లు అంత బలహీనమైన సరుకు కొనరు. ప్రభుత్వం బలమైనది పంపనివ్వదు.

లోటస్ నోట్స్ సృష్టికర్త రే ఓజీ 1996 జనవరిలో ఒక రాజీ ప్రకటించాడు. ఎగుమతి సంచికలో కీ 64 బిట్లు ఉంటుంది. కానీ ప్రతి ఉత్తరం వెంట, ఆ కీలోని 24 బిట్లు అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ మాత్రమే తెరవగల పొట్లంలో ప్రయాణిస్తాయి. దొంగకు 64 బిట్లూ వెతకాల్సిన పని. ఎన్‌ఎస్‌ఏకు 40 బిట్లే. అంటే మిగతా ప్రపంచం కంటే దాని పని 1 కోటి 67 లక్షల రెట్లు తేలిక. ఓజీ దీన్ని దాచలేదు, బహిరంగంగానే చెప్పాడు. అయినా కొన్నవాళ్లకు ఎక్కలేదు. 1997లో స్వీడన్ పత్రిక ఒకటి రాసేదాకా, తమ పార్లమెంటులోని 349 మంది సభ్యులూ పన్నుల శాఖ ఉద్యోగులూ రాసుకునే ఉత్తరాల కీలో ఒక ముక్క అమెరికా చేతిలో ఉందని ఆ దేశానికి పట్టలేదు. తర్వాత ఆడమ్ బ్యాక్ అనే బ్రిటిష్ నిపుణుడు ఆ సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూస్తే, ఎన్‌ఎస్‌ఏ కీకి పెట్టిన పేర్లు కనిపించాయి: సంస్థ పేరు మినీట్రూత్, వ్యక్తి పేరు బిగ్ బ్రదర్. జార్జి ఆర్వెల్ నవలలో ప్రజలపై నిఘా వేసే రాజ్యం నుంచి తెచ్చి పెట్టిన పేర్లు అవి. ఆ నోట్స్ సాఫ్ట్‌వేర్‌కు 2019 నుంచి యజమాని మన దేశపు హెచ్‌సీఎల్. ఆ కంపెనీ ఆఫీసు విజయవాడ పక్కన గన్నవరంలోనూ ఉంది. ఆ ఎగుమతి నిబంధనలు 2000 నాటికే చాలావరకు సడలిపోయాయి కాబట్టి పాత భయాన్ని ఇప్పటి నోట్స్‌కు అంటగట్టనక్కర్లేదు.

అంతకుముందే అమెరికా ప్రభుత్వం బాహాటంగా ఒక ప్రయత్నం చేసింది. 1993 ఏప్రిల్‌లో ప్రకటించిన క్లిప్పర్ చిప్‌ను ఫోన్లలో పెడతారు. ప్రతి చిప్ కీనీ రెండు ముక్కలు చేసి రెండు ప్రభుత్వ శాఖల దగ్గర దాస్తారు. కోర్టు ఆర్డరు వస్తే రెండు ముక్కలూ కలుపుతారు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే మ్యాట్ బ్లేజ్ అందులో లొసుగు కనిపెట్టాడు. నిఘా కోసం చిప్ పంపే గుర్తింపు ముక్క అసలైనదా కాదా అని తేల్చేది కేవలం 16 బిట్ల సరిపోలిక. 65,536 అవకాశాల్లో దొంగ ముక్క ఒకటి దొరికేస్తుంది. ఎన్‌క్రిప్షన్ పనిచేస్తుంది, నిఘా మాత్రం పనిచేయదు. కిటుకు తెలిసిన నేరగాడు తప్పించుకుంటాడు, తెలియని మామూలు మనిషి కీ మాత్రం సర్కారు బీరువాలో ఉంటుంది. రెండు మూడేళ్లకే ఆ పథకం మూలనపడింది.

మన దేశంలో ఇలాంటిది లేదనుకుంటే పొరపాటు. 1990ల చివర ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ సేవలు అప్పగించినప్పుడు, టెలికాం శాఖ లైసెన్సులో ఒక షరతు ఉంది. 40 బిట్ల దాకా కీ వాడుకోవచ్చు. దాటితే అనుమతి తీసుకోవాలి, డిక్రిప్షన్ కీని రెండు ముక్కలు చేసి టెలికాం అధికారుల దగ్గర జమ చేయాలి. బర్క్‌లీ కుర్రాడు ఒక్క పూటలో విరగ్గొట్టిన 40 బిట్లే మన దేశానికి గీసిన గీత. 2001 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్‌కు కనీసం 128 బిట్ల రక్షణ కావాలంది. ఒక శాఖ వద్దన్నదాన్నే ఇంకో సంస్థ తప్పనిసరి అంది. బ్యాంకు వెబ్‌సైటు తెరిచిన ప్రతి మనిషీ ఆ కాగితం ప్రకారం షరతు దాటినట్టే. చివరికి వాడుక ముందు షరతు ఓడిపోయింది. నాకు ఇందులో ఊరట కంటే దిగులే ఎక్కువ. ఎవరూ పాటించని నిబంధన పుస్తకంలో అలాగే ఉంటే, ఎప్పుడు ఎవరి మీద దాన్ని బయటికి తీస్తారో చెప్పలేం.

2015 సెప్టెంబరులో కేంద్రం జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా తెచ్చింది. పంపిన సందేశాల మామూలు పాఠాన్ని 90 రోజులు దాచి, అడిగితే చూపాలని అందులో ఉంది. దేశమంతా గగ్గోలు పుట్టడంతో ఆ నెల 22న వెనక్కి తీసుకుంది. ఐటీ చట్టం 69వ సెక్షను మాత్రం అమలులోనే ఉంది. దాని కింద ఉత్తర్వు వస్తే, కీ చేతిలో ఉన్నవారు తెరిచి ఇవ్వాలి. నిరాకరిస్తే ఏడేళ్ల దాకా జైలు. గువామ్ కథ ఇక్కడ జరగడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. చెవి ఎవరి దగ్గరైనా ఉంటే చాలు.

చట్టం ప్రకారమే అడుగుతారు కదా, అందులో భయమేముంది అనేవారున్నారు. మన పక్కనే జరిగిన సంగతి చూడండి. తెలంగాణ పోలీసుల్లో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడ్డ విభాగం స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో. ఫోన్లు వినే అధికారం, పరికరాలు దాని చేతిలో ఉన్నాయి. వాటితో రాజకీయ నాయకులు, వ్యాపారులు, పాత్రికేయుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో హైదరాబాదులో కేసు నమోదైంది. అధికారులు అరెస్టయ్యారు. ఆరోపణలు నిజమా కాదా అన్నది కోర్టు తేల్చాలి, నేను తేల్చలేను. కానీ ఆరోపణ స్వరూపం చూడండి. బయటి దొంగ చొరబడ్డాడని కాదు, తలుపు కాపలాకు పెట్టినవాళ్లే వాడుకున్నారని. మంచి పనికి పెట్టిన పరికరానికి తనను ఎవరు, ఎందుకు వాడుతున్నారో తెలియదు.

బయటి దొంగ కూడా వస్తాడు. 2004లో ఒలింపిక్స్ జరిగిన ఏథెన్సులో, వొడాఫోన్ స్విచ్చుల్లో పోలీసుల నిఘా కోసం తయారీదారు ముందుగానే పెట్టిన సౌకర్యం ఉంది. ఆ కంపెనీ దాన్ని కొని వాడుకోవడం కూడా మొదలుపెట్టలేదు. ఎవరో లోపలికి దూరి, నిద్రపోతున్న ఆ సౌకర్యాన్ని లేపి, ప్రధానితో సహా వంద మందికి పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. ఎవరన్నది తేలకుండానే ఏళ్లు గడిచిపోయాయి. 2024లో అమెరికా పెద్ద టెలికాం కంపెనీల్లోకి చైనా హ్యాకర్లు దూరినప్పుడు, కోర్టు ఆర్డర్లతో ఫోన్లు వినడానికి పెట్టిన వ్యవస్థలూ వాళ్ల చేతికి చిక్కాయని బయటపడింది. ఆ డిసెంబరులో అమెరికా అధికారులే ప్రముఖులకు చెప్పారు: ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే మెసేజింగ్ యాప్‌లు వాడండి అని. ముప్పై ఏళ్లుగా అలాంటి తాళాల్లో తమకో దారి కావాలని వాదించిన ప్రభుత్వం చెప్పిన మాట ఇది.

చెవులు దాచే కంపెనీ ఎంత పెద్దదైనా పోగొట్టుకోదన్న భరోసా లేదు. 2023లో మైక్రోసాఫ్ట్‌కే జరిగింది. ఎప్పుడో పక్కన పెట్టేయాల్సిన 2016 నాటి సంతకపు కీ (ఖాతాలోకి వచ్చింది అసలు మనిషేనని ముద్ర వేసేది) ఒకటి చైనాకు చెందినవారని భావిస్తున్న హ్యాకర్ల చేతిలో పడింది. దాంతో వాళ్లు అమెరికా వాణిజ్య మంత్రి ఈమెయిల్ సహా 500 మందికి పైగా ఉత్తరాలు చదివారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన విచారణ నివేదిక, ఇది ఆపగలిగిన తప్పేనని రాసింది. ఆ కీ ఎలా పోయిందో అప్పటికి కంపెనీ కచ్చితంగా చెప్పలేకపోయింది. అది బిట్‌లాకర్ కీ కాదు, పని వేరు. కానీ కోట్ల చెవులున్న బీరువాకు కాపలా అదే కంపెనీ.

ఇంతా చెప్పాక రెండో వైపు మాట దాటేయడం న్యాయం కాదు. చెవి నకలు అసలే లేకపోతే బతుకు కష్టం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన చెడ్డ అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. బిట్‌లాకర్ ఉన్న యంత్రాలను బాగుచేయాలంటే 48 అంకెలు కావాలి. ఆ కీలు ఉంచిన సర్వరు కూడా పడిపోయిన ఆఫీసుల్లో ఆ రోజు పడిన అవస్థ అంతా ఇంతా కాదు. బోర్డు మారిన ప్రొద్దుటూరు ల్యాప్‌టాప్‌కైనా, క్లౌడ్‌లో ఆ కీ లేకపోతే లెక్కలన్నీ గల్లంతే.

పోలీసుల మాటా వినాలి. మా కడప జిల్లాలో నేరం గురించి తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగింది. ఆ కేసులో గూగుల్ దగ్గరున్న లొకేషన్ సమాచారాన్ని సీబీఐ కోర్టుల ముందుంచింది. దాని విలువ ఎంతన్నదాని మీద వాదనలు నడిచాయి. కేసు జోలికి నేను పోను. ఇందులో గమనించాల్సింది దర్యాప్తు నడిచిన దారి. ఎవరి ఎన్‌క్రిప్షన్ కీ దొరకకపోయినా ఫోను ఎక్కడుందో, ఏ నంబరు ఎప్పుడు ఎవరితో కలిసిందో చెప్పే జాడలు కంపెనీల దగ్గర కుప్పలుగా ఉన్నాయి. తాళాలన్నీ విప్పితే తప్ప పోలీసులు గుడ్డివాళ్లయిపోతారన్న వాదన, నా అంచనాలో, అతిశయోక్తి.

ఈ చర్చలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన విభజన 1997లో 11 మంది నిపుణులు కలిసి రాసిన నివేదికలో ఉంది. వారిలో బ్లేజ్ ఉన్నాడు, ఆర్‌ఎస్‌ఏ పద్ధతి కనిపెట్టిన ముగ్గురిలో ఒకరైన రివెస్ట్, బహిరంగ కీ ఆలోచనను లోకానికి ఇచ్చిన డిఫీ ఉన్నారు. దాచుకున్న సమాచారం వేరు, దారిలో ఉన్న సందేశం వేరు అన్నారు వారు. దాచుకున్న దానికి చెవి పోతే సమాచారమే పోతుంది, కాబట్టి నకలు కావాలనుకోవడం యజమానికి సహజం. దారిలో ఉన్న సందేశానికి కీ పోతే మళ్లీ పంపితే సరి. అక్కడ నకలు ఎవరికైనా కావాలంటే అది మాట్లాడుకునే ఇద్దరికీ కాదు, వినాలనుకునే మూడోవాడికే. మూడోది సంతకపు కీ. దానికి నకలు ఎవరి దగ్గరా ఉండకూడదు. నకలు ఉంటే, ఆ సంతకం నేను పెట్టలేదని ఎవరైనా అనవచ్చు, నిజంగా పెట్టకుండానే పెట్టినట్టు ఎవరైనా చేయవచ్చు.

ఈ మూడో నియమాన్ని మనవాళ్లు రోజూ మీరుతున్నారు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీల డైరెక్టర్లకు, ఈ-ప్రొక్యూర్‌మెంటులో టెండర్లు వేసే కాంట్రాక్టర్లకు డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. సంతకపు కీ ఆ టోకెన్ లోపలే ఉంటుంది, దాన్ని బయటికి కాపీ చేయనివ్వని చిప్ అది. ఎస్క్రోకు వీలు లేకుండా ఎంతో ఆలోచించి చేసిన వస్తువు. కానీ ఆ టోకెన్ ఎక్కడుంటుంది? ఆడిటరు గారి సొరుగులో, లేదా టెండర్లు అప్‌లోడ్ చేసే కంప్యూటర్ సెంటర్లో. పాస్‌వర్డు రాసిన చీటీ దాని మీదే అంటించి ఉంటుంది. ఒక్కో సొరుగులో పదుల కంపెనీల సంతకాలు. నెలనెలా ఫైలింగులకు ఎవరు తిరుగుతారు అన్న విసుగు నాకు అర్థమవుతుంది. ఆడిటర్లలో అత్యధికులు నమ్మకస్తులే. అయినా ఐటీ చట్టం 42వ సెక్షను ఆ కీని అదుపులో ఉంచుకోవాల్సిన జాగ్రత్త సంతకందారుడిదేనని చెబుతోంది. ఆ టోకెన్‌తో పడిన సంతకానికి జవాబు చెప్పాల్సింది సొరుగు యజమాని కాదు, మీరు. దయచేసి దాన్ని ఇంటికి తెచ్చుకోండి. కనీసం పాస్‌వర్డు మార్చి మీ దగ్గరే ఉంచుకోండి, సంతకం పెట్టే వేళ మీరు పక్కన ఉండండి.

ల్యాప్‌టాప్ సంగతికొస్తే చేయాల్సింది ఎక్కువేమీ లేదు, వరస మాత్రం తప్పకూడదు. ముందు 48 అంకెలూ కాగితం మీద ముద్రించుకుని భూమి పత్రాలుండే చోట పెట్టండి. ఒకటికి రెండు కాగితాలు, రెండు చోట్ల. ఆ తర్వాతే క్లౌడ్‌లో కీ ఉంచాలా వద్దా అని ఆలోచించండి. ఇంట్లో సినిమాలు చూసే యంత్రానికి కంపెనీ దగ్గర నకలు ఉండడమే మేలేమో. కక్షిదారుల కాగితాలున్న వకీలుకు, రోగుల వివరాలున్న డాక్టరుకు, ఎవరు సమాచారమిచ్చారో దాచాల్సిన విలేఖరికి నేనైతే వద్దనే చెబుతాను. తీసేయాలనుకుంటే వెబ్‌సైటులో కీని డిలీట్ చేసినంత మాత్రాన చాలదు. ఆ 48 అంకెలూ మీ డిస్కును ఇంకా తెరుస్తూనే ఉంటాయి. యంత్రంలో పాత రికవరీ కీని రద్దు చేసి కొత్తది పుట్టించాలి. అది మళ్లీ ఖాతాలోకి ఎక్కలేదని చూసుకోవాలి.

ఫోన్ సంగతికొస్తే, వాట్సాప్‌లో సందేశాలు దారిలో భద్రంగానే వెళ్తాయి. కానీ గూగుల్ ఖాతాలో పడే బ్యాకప్‌కు ఆ రక్షణ వేరుగా ఆన్ చేసుకోవాలి. 2021 అక్టోబరు నుంచి ఆ వీలుంది. పాస్‌వర్డు గానీ, 64 అంకెల కీ గానీ ఎంచుకోవచ్చు. అంకెలు ఎంచుకుంటే పోగొట్టుకోకుండా చూసుకోవాల్సింది మీరొక్కరే, వాట్సాప్ తిరిగి ఇవ్వలేదు.

ఈ పనులు చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. అంగడిలో గిరాకీ ఉన్నప్పుడు రికవరీ కీ గురించి ఎవరు ఆలోచిస్తారు? అందుకే ఒక కోరిక. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనూ, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనూ కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలు ఉన్నారు. ఏఈఎస్, ఆర్‌ఎస్‌ఏ వాళ్ల సిలబస్‌లో ఉండేవే. ఒక ఆదివారం ప్రొద్దుటూరులో బల్లలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ రికవరీ కీ ఎక్కడుందో యజమానికి చూపించి, దాన్ని కాగితం మీద ముద్రించి ఆయన చేతికే ఇవ్వాలి. ఆ అంకెలను తాము ఎక్కడా రాసుకోకూడదు, ఫోన్‌లో ఫొటో తీసుకోకూడదు.